ఓదెలు మడమ ఎందుకు తట్టేవాడు

కబడ్డీ కోచ్‌లుగా కుదురుకుంటున్న కుర్రవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఏం తినిపించాలి, ఏం బరువులు ఎత్తించాలి, పొద్దున్నే ఎంత పరుగెత్తించాలి అని అడుగుతారు. అవన్నీ ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి, నన్ను అడగక్కర్లేదు. నేను చెప్పేది ఒకటే. మీ ఆటగాడు కోర్టులోకి దిగేముందు ఏదైనా పిచ్చిపని చేస్తుంటే నవ్వకండి. దండమూ పెట్టకండి. కుదురుగా చూడండి. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి అక్కడే దొరికింది, అదీ చాలా ఆలస్యంగా.

నేను బొగ్గు కంపెనీలో పనిచేశాను గాని బొగ్గు తవ్వలేదు. ఆట చూసి ఉద్యోగమిచ్చారు, ఆట మీదే రిటైరయ్యాను. గోదావరిఖనిలో మా ఏరియా కబడ్డీ జట్టును తయారు చెయ్యడం నా పని. గనిని మా దగ్గర బాయి అంటారు. ఆ బాయిలోకి నేను దిగింది అతిథిగానే, నెత్తిన టోపీ పెట్టుకుని ఫొటో దిగడానికి. నా ఆటగాళ్ళు మాత్రం షిఫ్టు చేసి, ఒళ్ళు కడుక్కుని, ముక్కులో బొగ్గు ఇంకా ఉండగానే గ్రౌండుకు వచ్చేవాళ్ళు. వాళ్ళకూ నాకూ ఉన్న ఈ తేడా పెద్దదని నాకు చాలాకాలం తోచలేదు.

ఎవరి పట్టింపు వాళ్ళది

మా జట్టులో పట్టింపు లేనివాడు లేడు. ఒకడు టోర్నమెంటు అయ్యేదాకా గడ్డం గీసుకోడు. వాడి భార్య నాకు ఫోన్ చేసి, "సారూ, మీరు జల్ది ఓడిపోర్రి, మా ఆయన ముఖం సూడబుద్దయితలేదు" అనేది. ఇంకొకడు గెలిచిన రోజు వేసుకున్న మోకాలి పట్టీని ఉతకడు. వ్యానులో వాడి పక్కన ఎవరు కూర్చోవాలో తేల్చడానికి చీటీలు వేసేవాళ్ళు. కుడికాలు ముందు పెట్టడం, నిమ్మకాయ తొక్కడం, బాయి మీది మైసమ్మ బొట్టు పెట్టుకుని రావడం ఎలాగూ ఉన్నవే.

"ఆఖరి" అనే మాట మాత్రం మా క్యాంపులో ఎవరి నోటా రాదు. ఆఖరి రైడ్ అనరు, "ఇంకొకటి" అంటారు. ఇది ఆట నుంచి వచ్చింది కాదు, ఇళ్ళ నుంచి వచ్చింది. షిఫ్టుకు బయలుదేరే మనిషి "పోతున్న" అనడు, "పోయొస్త" అంటాడు. గడప దాటాక వెనక నుంచి పిలవరు. ఎప్పుడొస్తావని అడగరు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు కబడ్డీ కోర్టు గీత దగ్గరికొచ్చేసరికి కొత్త మనిషైపోతాడా?

మా కెప్టెన్ గౌస్ ఎడమ కార్నర్ ఆడేవాడు. బాయిలో అతనిది సపోర్ట్ పని, అంటే పైకప్పు కూలకుండా బోల్టులు వెయ్యడం, దిమ్మెలు నిలబెట్టడం. చేతికి తాయెత్తు ఉండేది. ఆడేటప్పుడు ఒంటి మీద ఏదీ ఉండకూడదని రూలు, అందుకని విప్పి నా చొక్కా జేబులో వేసేవాడు.

"కోచ్ సాబ్, జేబు మీదికెళ్ళి చెయ్యి తియ్యకుర్రి" అనేవాడు.

నాకు తాయెత్తుల మీద నమ్మకం లేదు. కానీ ఆట అయిపోయిందని విజిల్ ఊదేదాకా చెయ్యి తీసేవాణ్ణి కాదు. చెమట కారుతున్నా ఇంకో చేత్తోనే తుడుచుకునేవాణ్ణి. ఇక నమ్మకం లేదని చెప్పుకోవడం దేనికి!

ఇవి ఆటను పెంచుతాయా అంటే, కండ పెంచవు, వేగం పెంచవు. కానీ కోర్టు బయట నిలబడ్డ ఆ కాసేపు మనిషి బుర్రలోకి రానిదంటూ ఉండదు. ఇంట్లో గొడవ, నిన్న బాయిలో తిట్టిన ఓవర్‌మేన్, ఎదుటి జట్టులో తొడ చరుస్తున్న ఆ బండోడు, అన్నీ ఒకేసారి వస్తాయి. అప్పుడు చేతికో కాలికో తెలిసిన పని ఒకటి దొరికితే మనసు దాని వెనకే నడుస్తుంది. నాకు తెలిసినంతలో అంతకుమించిన మహిమ లేదు. అంతమాత్రానికి చిన్నచూపు చూడాల్సిందీ కాదు.

ఇద్దరు ఆఫీసర్లు

నాకు పైన పనిచేసిన ఆఫీసర్లలో ఇద్దరి గురించి చెప్పాలి. మొదటాయన మహా భక్తుడు. ఎవరో పంతులు చెప్పాడని జట్టు బనియన్ల రంగు మార్పించాడు. మ్యాచ్ రోజు గుమ్మడికాయ కొట్టించాడు. మంచి ఘడియ వచ్చేదాకా మమ్మల్ని వ్యానులోంచి దిగనివ్వలేదు. ఒళ్ళు వేడి చేసుకునే సమయమంతా ఆ ఘడియకే పోయింది. చల్లబడ్డ కాళ్ళతో దిగి, మొదటి సగంలోనే రెండుసార్లు ఆలౌట్ అయ్యాం. గుమ్మడికాయ కంటే మేమే బాగా పగిలామని గౌస్ అన్నాడు.

తరువాత వచ్చిన శేషగిరిగారు దీనికి పూర్తిగా ఎదురు. మంచి ఇంజనీరు, జ్యోతినగర్ వైపు నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఆటగాళ్ళ భోజనం కోసం పై ఆఫీసుతో పోట్లాడిన మనిషి. మూఢనమ్మకమంటే మాత్రం ఒళ్ళు మంట. "మనం కార్మికుల జట్టండీ, తాంత్రికుల జట్టు కాదు" అని తాయెత్తులూ బొట్లూ అన్నీ ఆపించారు. ఆ టోర్నమెంటంతా గౌస్ నా ఖాళీ జేబు వైపు చూసుకుంటూ ఆడాడు. ఎప్పుడూ చిక్కే రైడర్లు చేతుల్లోంచి జారిపోయారు.

ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. ఇద్దరూ చేసిన పొరపాటు కూడా ఒక్కటే. ఆటగాడి పట్టింపు ఆటగాడిది. దాన్ని పైనుంచి ఆర్డరుగా ఇవ్వడం కుదరదు, ఆర్డరుతో తీసెయ్యడమూ కుదరదు. నేను ఈ మధ్యేమార్గం పట్టుకుని, ఎవరేం చేసుకున్నా చూసీచూడనట్టు పోయి, అదే గొప్ప తెలివి అనుకున్నాను. అది కూడా చాలదని ఓదెలు వల్ల తెలిసింది.

ఓదెలు

ఓదెలు మా పెద్ద రైడర్. సన్నటి మనిషి, మాట తక్కువ. బాయిలో అతనిదీ గౌస్ చేసే సపోర్ట్ పనే, వేరే షిఫ్టు. కూతకు వెళ్ళేముందు నడిగీత దగ్గర నిలబడి మడమతో నేలను ఒక్కసారి తట్టేవాడు. తల కొంచెం పక్కకు వంచేవాడు. ఆ వెంటనే గీత దాటేవాడు. జనానికి అది ఎంత ఇష్టమంటే, అతను మడమ ఎత్తగానే గ్రౌండంతా "హోయ్" అనేది. భూమాతకు మొక్కుతున్నాడని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఒక ఏడు వానాకాలంలో బాయిలో అతని జోడీ కొమురయ్య మీద పైకప్పు బండ పడింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఓదెలుకు చిన్న గీత కూడా పడలేదు. దవాఖానలో కొమురయ్యను చూసి వచ్చాక వారమైనా కాకుండానే క్యాంపుకు వచ్చాడు. క్యాంపు ఉన్నన్నాళ్ళు ఆటగాళ్ళకు పైనే డ్యూటీ కాబట్టి అతనికి కొంచెం తెరిపి దొరుకుతుందని నేను సంతోషించాను.

అప్పటి నుంచి ఒక్క తట్టు కాస్తా రెండయింది, తరువాత నాలుగయింది. తట్టి, విని, మళ్ళీ తట్టేవాడు. రెఫరీ కసిరేవాడు. పక్క ఏరియా జట్టువాళ్ళు ఇది కనిపెట్టారు. అతను తట్టుకుంటున్నంతసేపూ వాళ్ళు తీరిగ్గా చేతులు కలుపుకుని గొలుసు కట్టేవాళ్ళు.

అంతలో ఇంకో చిక్కు వచ్చింది. ఆ ఏడు ఏరియాల మధ్య పోటీలు మట్టి మీద కాదు, మ్యాట్ మీద అన్నారు. పోటీలో బాగా ఆడినవాళ్ళతో కంపెనీ జట్టు కడతారు. ఆ జట్టులో ఉన్నవాడికి ఏడాదంతా పైన డ్యూటీ. లేనివాడు పోటీలు ముగిశాక మళ్ళీ బాయిలోకి దిగాలి.

"సారూ, నన్ను కంపెనీ టీముల ఏపియ్యుర్రి" అన్నాడు ఓదెలు ఒక సాయంత్రం. ఎప్పుడూ ఏదీ అడగనివాడు. "నేను బాయిల దిగ."

"దిగవా? దిగలేవా?" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు.

మ్యాట్ మీద

స్టేడియంలో మ్యాట్ పరిచారు. కుర్రవాళ్ళు కొత్త పరుపు దొరికినట్టు దాని మీద పొర్లారు. ఓదెలు గీత దగ్గరికి వచ్చి మడమతో తట్టాడు. దిండు మీద కొట్టినట్టు, చప్పుడే లేదు. మళ్ళీ తట్టాడు. తల వంచి విన్నాడు. చెవులు నిక్కబొడుచుకుని విన్నా అక్కడ వినడానికేం లేదు. కూత ఎత్తుకుని వెళ్ళాడు, కానీ కాళ్ళు వెళ్ళలేదు. ఇంటికి తాళం వేశానో లేదో గుర్తురాని మనిషిలా సగం వెనక్కి చూస్తూ వెళ్ళి, మొదటి చేతికే దొరికిపోయాడు. ఆ వారమంతా ఇదే వరస.

నేను బూట్లు మార్పించాను. వట్టికాళ్ళతో ఆడించాను. కాలు కాకపోతే చప్పట్లు కొట్టుకొమ్మన్నాను. చివరకు తట్టడం మానెయ్యమన్నాను, అది ఇంకా అధ్వాన్నమైంది. మ్యాట్ కింద చెక్క ముక్క పెడదామని గౌస్ అంటే అందరూ నవ్వారు, నేను మాత్రం నిజంగానే ఆలోచించాను.

అప్పుడే నాకు శిక్షణ కేంద్రంలో పని పడింది. చాలాకాలం బాయికి దూరంగా ఉన్నవాళ్ళకు మళ్ళీ దిగేముందు అక్కడ తరగతులు ఉంటాయి. నా ఆటగాళ్ళ తరగతులు పోటీల తరువాతికి జరపమని అడగడానికి వెళ్ళాను. ఆవరణలో గని లోపలిలాగే కట్టిన నమూనా సొరంగం ఒకటి ఉంది. సార్ అందులో ఉన్నాడంటే తల వంచుకుని లోపలికి పోయాను. కార్మికులు వరసగా నిలబడి, పొడుగాటి కడ్డీతో పైకప్పును తడుతున్నారు. తట్టి, తల పక్కకు వంచి, వింటున్నారు. బండ గట్టిగా ఉంటే గంటలాగా పలుకుతుంది, లోపల విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. పలికితేనే దాని కిందికి అడుగు. విన్నవాడు పక్కవాడికి గట్టిగా చెప్పాలి, "పలికింది" అని.

ఒక్కసారి తట్టడం, తల వంచడం, అడుగు వెయ్యడం. నేను ఏళ్ళ తరబడి చూసింది ఇదే. నా ఆటగాడు భూమికి మొక్కడం లేదు, తన పని తను చేస్తున్నాడు. వచ్చిన పని అడగడం మరిచిపోయి బయటికి వచ్చి, చెట్టు నీడలో చాలాసేపు నిలబడ్డాను. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఎందుకంటే ఒక్క తట్టు నాలుగెందుకయిందో అప్పుడు అర్థమయింది.

ఆ మాట

మర్నాడు ఓదెలు క్వార్టర్‌కు వెళ్ళాను. అతను లేడు, భార్య సరిత ఉంది. చిన్నపాప గదిలో నిద్రపోతోంది. చాయ్ ఇస్తూ సరిత నెమ్మదిగా గది వైపు చూపించింది. పాప మంచం పైన, స్లాబుకు సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలి ఉంది.

"గది సూడుర్రి సారూ. చీపురు కట్టెతోని తడ్తడు. పోరి పండుకున్నదంటే సాలు, పైన తట్టి తట్టి సూస్తడు. అవ్వగారింటికి పోతే ఆడ గూడ గంతే. గదేందంటే చెప్తలేడు. నాకైతే బుగులైతున్నది."

ఓదెలు వచ్చాడు. నన్ను చూసి, పెచ్చుల వైపు చూసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను శిక్షణ కేంద్రంలో చూసింది చెప్పాను. కొమురయ్య మీద బండ పడ్డ రోజున ఏం జరిగిందని అడిగాను. సరిత గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళబోతే, ఉండమని చెయ్యి ఊపాడు.

"ఆ దినం గూడ తట్టిన సారూ. మంచిగనే ఇనవడ్డది. 'పలికిందే కాకా, రా' అని చెప్పిన. నా మాట ఇని అచ్చిండు. గాయన నిలవడంగనే..." అని ఆగిపోయాడు. "నా చెవి అబద్ధం చెప్పింది. ఇగ ఎన్నిసార్లు తట్టినా నమ్మబుద్దయితలేదు. ఆ మాట నా నోట్లెకెళ్ళి అస్తలేదు."

ప్రమాదంపై విచారణ చేసినవాళ్ళు అతని తప్పు లేదన్నారు. గట్టిగా పలికిన బండ కూడా ఒక్కోసారి పడుతుందట. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోదు.

ఈ సంగతి కొత్త కోచ్‌లు గుర్తుపెట్టుకోవాలి. ఉన్నచోటే ఉండే పట్టింపును వదిలెయ్యండి, దానితో ఎవరికీ నష్టం లేదు. పెరుగుతున్న పట్టింపును మాత్రం వదలకండి. లోపల ఏదో విరిగితేనే అది పెరుగుతుంది. నేను చూసీచూడనట్టు పోయిన ఆ వారాల్లో ఓదెలు అందరి కళ్ళముందే మడమతో తట్టి తట్టి పిలిచాడు. మేమేమో హోయ్ అన్నాం.

ఏరియా దవాఖానలో మనసు డాక్టరు ఉన్న రోజు చూసి ఓదెలును తీసుకెళ్ళాను. మందూ మాటా రెండూ మొదలయ్యాయి. శేషగిరిగారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేను అతని కాలు తట్టుడు చూసి ఎన్నిసార్లు వెటకారం చేశానో" అన్నారు. ఆ తరువాత ఎవరి తాయెత్తు గురించీ మాట్లాడలేదు.

గౌస్ పెట్టిన షరతు

ఇక ఆట సంగతి. ఓదెలు అనుమతితోనే గౌస్‌కు విషయం చెప్పాను. నా ఆలోచన తేలికపాటిది. ఓదెలు మ్యాట్ మీద తట్టగానే వెనక నుంచి గౌస్ "పలికింది" అనాలి. ధైర్యం వస్తుంది, వెళ్తాడు.

గౌస్ ఒప్పుకోలేదు.

"ప్రతిసారి పలికిందంటె అది తసల్లి మాట అయితది కోచ్ సాబ్. పోరగాండ్లను ఊకుంచేటందుకు చెప్పే మాట. బాయిల గట్ల చెప్తమా? నేను ఎనకకెళ్ళి ఆళ్ళ కాళ్ళు సూస్త. కార్నరోడు మడమల మీదుంటే పలికిందంట. మునివేళ్ళ మీద వంగి ఉంటే పలకలే అంట. పలకలే అంటె లోపలికి పోవద్దు, ఆళ్ళ కోర్టుల మొదటి గీత ముట్టి వాపస్ రావాలె. గట్లయితెనే ఉంట."

ఓదెలు వైపు తిరిగి అడిగాడు. "ఏమంటవ్ తమ్మీ? నా చెవి నమ్ముతవా?"

"నీ చెవి నమ్ముత గౌసన్నా" అన్నాడు ఓదెలు. "నాదే నమ్మ."

కోచ్‌గా నాకు తట్టని సంగతి ఇది. నేను ఓదెలుకు ఇవ్వబోయింది ఇంకో తాయెత్తు. గౌస్ ఇచ్చింది ఒక జోడీ. ఎప్పుడూ అవునంటూ ఉండే మాటను నమ్మి ఎంతదూరం పోతాడు మనిషి? అవసరమైనప్పుడు కాదనే మనిషి ఉంటేనే అతని అవునుకు బలం వస్తుంది. నెమ్మదిగా నాలుగు తట్లు రెండయ్యాయి. పోటీల నాటికి ఒక్కటికి వచ్చాయి. తట్టగానే వెనక నుంచి గౌస్ గొంతు, ఆ వెంటనే ఓదెలు కాలు. గౌస్ పలకలేదన్నప్పుడు బుద్ధిగా గీత ముట్టి వచ్చేసేవాడు. ఆట మునుపటికంటే మెరుగైంది, ఎందుకంటే అతని మొండి రైడ్లన్నీ పోయాయి.

ఇంకొక రైడ్

ఫైనల్లో మా మీదికి పక్క ఏరియా జట్టే వచ్చింది. చివరికి వచ్చేసరికి మేము ఒక్క పాయింటు ముందున్నాం. మిగిలింది మా రైడ్ ఒక్కటే, అది ఓదెలుది. కంపెనీ జట్టును ఎంపిక చేసేవాళ్ళు టేబులు దగ్గరే కూర్చున్నారు. రైడర్లలో ఒక్క చోటే మిగిలిందనీ, ఓదెలూ వేరే ఏరియా కుర్రవాడూ సమానంగా ఉన్నారనీ అందరికీ తెలుసు. ఒక్క పాయింటు తెస్తే ఓదెలుకు ఏడాదంతా పైన డ్యూటీ. తేకపోతే బాయి. జట్టు గెలవడానికి ఆ పాయింటు అక్కర్లేదు, అతనికి కావాలి.

"కొట్టు ఓదెలూ, కొట్టు" అని జనం ఒకటే గోల. సరిత పాపను ఎత్తుకుని మెట్ల మీద నిలబడి ఉంది. నా చెయ్యి గౌస్ తాయెత్తు మీద ఉంది.

ఓదెలు తట్టాడు.

"పలకలే!" అన్నాడు గౌస్.

ఓదెలు వెనక్కి తిరిగి చూశాడు. ఎన్నడూ చూడలేదు అలా. గౌస్ ముఖం చెమటతో మెరుస్తోంది, కళ్ళు ఎదుటి కార్నర్ కాళ్ళ మీదే ఉన్నాయి. అతనికి కూడా తెలుసు తను ఏమంటున్నాడో, దానివల్ల ఓదెలుకు ఏమవుతుందో. మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా. "పలకలే తమ్మీ."

ఓదెలు కూత ఎత్తుకుని వెళ్ళాడు. గీత ముట్టాడు. తిరిగి వచ్చేశాడు. జనం ఈలలు వేశారు, కొందరు తిట్టారు కూడా. విజిల్ మోగింది, మేము గెలిచాం. చేతులు కలపడానికి వచ్చిన ఎదుటి కార్నర్ ఓదెలు భుజం తట్టి, "ఇంకొక్క అడుగేస్తె దొరికేటోడివే అన్నా, నీ మీదనే కాసుకొని ఉన్న" అన్నాడు.

ఎంపిక చేసినవాళ్ళు ఆ రాని పాయింటునే చూశారు. కంపెనీ జట్టులో ఓదెలు పేరు లేదు. నేను వెళ్ళి వాదించాను, అరిచాను, ప్రయోజనం లేకపోయింది. ఆ కోపం నాకు ఇవాళ్టికీ పోలేదు.

బాయి మీద

డాక్టరును అడిగి, ఇంకొన్నాళ్ళు పైనే ఉంచమని రాయిద్దామన్నాను. ఓదెలు మాత్రం, "ఒకసారి పోయొస్త సారూ. గౌసన్న ఉంటనన్నడు" అన్నాడు. గౌస్ మేనేజరు దగ్గరికి పోయి తన షిఫ్టు మార్పించుకున్నాడట. నాతో ఒక్కమాట కూడా అనలేదు.

ఆ రోజు నాకు కాలు నిలవలేదు. ఫస్టు షిఫ్టు బయటికొచ్చే వేళకు బాయి దగ్గరికి వెళ్ళి మైసమ్మ గద్దె పక్కన నిలబడ్డాను. మైసమ్మకు దండం పెట్టానా అంటే పెట్టాను. నల్లటి ముఖాలు ఒక్కొక్కటే వస్తున్నాయి, దీపాలు అప్పజెబుతున్నాయి, ఎవరెవరో నాకు తెలియడం లేదు. చివరికి గౌస్, అతని వెనకే ఓదెలు.

"ఎట్లున్నదిరా?" అన్నాను.

"చెమట వట్టింది సారూ" అన్నాడు. టోపీ తీసి తల గోక్కుని, "కానీ ఒక్కపారే తట్టిన. గౌసన్న చెప్పిండు, పని చేసిన" అన్నాడు.

గౌస్ నన్ను పక్కకు తీసుకెళ్ళి ఇంకో సంగతి చెప్పాడు. "తట్టుడు తట్టిండు. నేను పలికిందంటె బోల్టు ఏసిండు. కానీ తను మాత్రం ఆ మాట అంటలేడు కోచ్ సాబ్. నేను తట్టినప్పుడు నాకు చెప్పమంటె తల ఊపిండు. ఉండనీ. దినాలు పడ్తది."

దినాలు పట్టింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి జోడీగా పనిచేశారు. ఓదెలు ఆటలో ఇంకా రెండు టోర్నమెంట్లు మెరిశాడు, మోకాలు పోయి మానేశాడు. పాప మంచం పైన స్లాబుకు కొత్త సున్నం పడింది. ఆ ఒక్క మాట మాత్రం ఎవరికీ అనలేదు, తల ఊపేవాడు. గౌస్ దాంతోనే సరిపెట్టుకున్నాడు.

తలుపు దగ్గర

పట్టింపుల మీద నా అభిప్రాయం ఏమిటని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. శాస్త్రం ఏమంటుందో వాళ్ళకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసింది చెప్పాను. ఇంకొకటి మిగిలింది, అది నా గురించి.

కిందటి ఏడు నాకు గుండె ఆపరేషన్ పడింది. కరీంనగర్‌లో చేయించారు. జీవితమంతా ఎదుటివాళ్ళను గీత దాటించినవాణ్ణి, నా వంతు వచ్చేసరికి గీత ఇవతలే ఉండిపోదామనిపించింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆపరేషన్ గది తలుపు దాకా తోసుకొచ్చి ఆపారు. మా వాళ్ళు అప్పటికే ఏడుపు ముఖాలతో ఉన్నారు. వాళ్ళ వెనక గౌసూ ఓదెలూ నిలబడి ఉన్నారు, షిఫ్టుకు నాగా పెట్టి వచ్చారట. తాయెత్తు తెచ్చావా అని గౌస్‌ను ఎగతాళి చేద్దామనుకున్నాను. అంతలో చూపు పైకి పోయింది.

పైన తెల్లటి కప్పు. దాని కిందికే నన్ను తీసుకెళ్ళబోతున్నారు. నా చెయ్యి దానంతటదే లేచి, స్ట్రెచర్ ఇనుప కడ్డీని వేలి కణుపుతో ఒకసారి తట్టింది. అలవాటు లేని పని, ఎందుకు చేశానో నాకే తెలియదు. కడ్డీ చిన్నగా మోగింది.

గౌస్ నోరు తెరవబోయాడు. ఓదెలు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. తల పక్కకు వంచి ఒక్క క్షణం ఉండి, నా ముఖం మీదికి వంగాడు.

"పలికింది సారూ" అన్నాడు. "పోయి రార్రి."